అఫిషియస్ అంటే ఆఫీసు మనిషి కాదు

నేను ఇంగ్లీషులో రాసిన మొట్టమొదటి సిఫార్సు లేఖ నకలు ఇప్పటికీ నా బీరువాలో ఉంది. చింపేస్తే మళ్లీ అదే తప్పు చేస్తానేమోనని ఉంచుకున్నాను.

నా కింద మూడేళ్లు పనిచేసిన ఒక కుర్రాడు వేరేచోట ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకుంటూ, "మేడమ్, మీరు నాలుగు మంచి మాటలు రాసిస్తే చాలు" అన్నాడు. తెలుగులో అయితే ఆ నాలుగు మాటలూ నిలబడ్డచోటే చెప్పేదాన్ని. బుద్ధిమంతుడు, పనిమంతుడు, నోరు మంచిది, పెద్దా చిన్నా తెలిసినవాడు. ఇంగ్లీషులో మాత్రం గుడ్, వెరీ గుడ్, సిన్సియర్ దగ్గర నా సరుకు అయిపోయింది. తెలుగు మీడియంలో చదువుకుని, ఆ తర్వాత లెక్కలూ పట్టికలూ నివేదికలూ మాత్రమే ఇంగ్లీషులో నెట్టుకొచ్చినదాన్ని. మనిషి గుణం గురించి ఇంగ్లీషులో చెప్పాల్సిన అవసరం అంతవరకు రానేలేదు.

పాత జేబు నిఘంటువు ఒకటి తీసి, చూడ్డానికి గంభీరంగా ఉన్న మాటలు ఏరుకున్నాను. అఫిషియస్‌కి ఎదురుగా "ఉపకారబుద్ధి గల, చొరవ చూపే" అని ఉంది. అబ్సీక్వియస్‌కి ఎదురుగా "విధేయుడైన, అణకువ గల" అని ఉంది. ఇంకేం కావాలి? ఆ అబ్బాయి ఎంతో అఫిషియస్ అనీ, పెద్దల దగ్గర ఎప్పుడూ అబ్సీక్వియస్‌గా నడుచుకుంటాడనీ రాసి, రెండుసార్లు చదువుకుని మురిసిపోయి, సంతకం పెట్టి ఇచ్చాను.

ఐదారు నెలల తర్వాత ఒక సమావేశంలో మా పై అధికారి, అక్కడ లేని ఒక మనిషి ప్రస్తావన వస్తే "అఫిషియస్ ఫెలో" అన్నారు. అంటున్నప్పుడు ఆయన మూతి ఒక పక్కకు వంకర పోయింది. ముక్కు ముడుచుకుంది. మాట కన్నా ముందు ఆ ముఖం నాకు అర్థమైంది. గుండె గుభేలుమంది. ఇంటికి వెళ్లగానే పెద్ద ఇంగ్లీషు నిఘంటువు తెరిచాను. అఫిషియస్ అంటే ఎవరూ అడక్కపోయినా తలదూర్చి, లేని అధికారం చూపిస్తూ పెత్తనం చేసేవాడు. అబ్సీక్వియస్ అంటే అడుగులకు మడుగులొత్తేవాడు. అంటే, పిలవని చోటికి వచ్చి పెత్తనం చేస్తాడు, పైవాళ్ల దగ్గర మాత్రం సాగిలపడతాడు అని ఆ పిల్లవాడి గురించి నా చేత్తో రాసి, ముద్ర కూడా వేసి ఇచ్చానన్నమాట.

తమాషా ఏమిటంటే జేబు నిఘంటువు అబద్ధం చెప్పలేదు. అఫిషియస్‌కి మూలమైన లాటిన్ మాట అఫీషియం. బాధ్యత, చేయవలసిన పని అని దానికి అర్థం. ఒకప్పుడు ఇంగ్లీషులో కూడా అది సాయపడే గుణమున్నవాడని చెప్పే మంచి మాటే. 1755లో నిఘంటువు అచ్చువేసిన శామ్యూల్ జాన్సన్, చనిపోయిన తన స్నేహితుణ్ణి తలుచుకుంటూ రాసిన పద్యంలో ఈ మాటను మెచ్చుకోలుగానే వాడాడు. అబ్సీక్వియస్ కూడా అంతే. మొదట్లో అది చెప్పినమాట వినేవాడు అని మాత్రమే. నా జేబు నిఘంటువు రెండు వందల ఏళ్లు వెనక్కి నడుస్తున్న గడియారం. నేను దాన్ని చూసి బస్సు ఎక్కబోయాను.

ఆ రాత్రి ఇంకోటి కూడా తట్టింది. ఆ అబ్బాయి అడిగింది నాలుగు మంచి మాటలు. పాండిత్యం అడగలేదు. అడగనిది తెచ్చి నెత్తిన రుద్దింది నేను. అఫిషియస్ ఎవరు మరి?

చదువు అలా మొదలైంది. మొదట అందరూ చేసే పనే చేశాను. గీతల నోట్‌బుక్ కొని, ఎడమవైపు ఇంగ్లీషు మాట, కుడివైపు తెలుగు అర్థం రాసుకుంటూ పోయాను. అరొగెంట్, అహంకారి. హాటీ, అహంకారి. ఇన్సొలెంట్, పొగరుబోతు. సూపర్‌సిలియస్, గర్విష్ఠి. ఇంపీరియస్, అహంకారి. పదిహేను రోజులయ్యేసరికి కుడివైపు వరస చూస్తే, ఎవరో ఇంపోజిషన్ రాయించినట్టుంది.

ఆ రోజుల్లోనే ఒక సంగతి చదివి నీరుగారిపోయాను. 1936లో గోర్డన్ ఆల్‌పోర్ట్, హెన్రీ ఆడ్‌బర్ట్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు వెబ్‌స్టర్ పెద్ద నిఘంటువు తిరగేసి, ఒక మనిషి ప్రవర్తనను ఇంకో మనిషి ప్రవర్తన నుంచి వేరుచేసి చెప్పే మాటలు ఏరితే 17,953 తేలాయట. రోజుకు పది నేర్చుకున్నా దాదాపు ఐదేళ్లు. కానీ ఆ లెక్కలోనే నాకు పనికొచ్చే ముక్క ఒకటి దొరికింది. వాళ్లు ఆ మాటలను నాలుగు కుప్పలు పోశారు. స్థిరమైన గుణాలను చెప్పేవి 4,504. ఆ పూటకుండే మనస్థితిని చెప్పేవి 4,541. ఎటూ చేరనివి 3,682. అన్నిటికన్నా పెద్ద కుప్ప మాత్రం 5,226 మాటలది. అవి మనిషి ఎలాంటివాడో చెప్పేదానికన్నా, చెప్పేవాడు అతన్ని మెచ్చాడా, చీదరించుకున్నాడా అన్నదే ఎక్కువ చెబుతాయి. నా లేఖ మునిగింది సరిగ్గా ఆ కుప్పలోనే.

నాకు తెలిసిన మాస్టారు ఒకాయన ఉన్నారు. ముప్పై ఏళ్లకు పైగా ఇంగ్లీషు చెప్పి, ఇప్పుడు మొక్కలకు నీళ్లు పోసుకుంటూ కాలక్షేపం చేస్తున్నారు. నోట్‌బుక్ పట్టుకెళ్లి చూపించాను. రెండు పేజీలు తిప్పి, "అమ్మాయ్, అహంకారి అని పైన ఒక్కసారి రాసి కిందంతా డిటో డిటో అని పెట్టుకుంటే పోయేదిగా, సిరా అయినా మిగిలేది" అన్నారు.

"మరెలా రాసుకోవాలి మాస్టారూ?"

"అర్థం సంగతి తర్వాత. ముందు మెట్లు గీయి. ఆ పని చేసేవాడు ఏ మెట్టు మీదున్నాడు, ఎవరితో చేస్తున్నాడో వాడు ఏ మెట్టు మీదున్నాడు, అది చూడు. ఇద్దర్నీ నిలబెట్టాక అప్పుడు రాయి."

మెట్లు గీయడం రాక బాణాలు గీశాను. చిన్న చిన్న అట్టముక్కలు కత్తిరించి ఒక వైపు మాట, రెండో వైపు బాణం, దాని కింద ఒక చిన్న సన్నివేశం. ఇన్సొలెంట్‌కి బాణం ఎక్కువగా కింది నుంచి పైకి. చిన్న ఉద్యోగి పెద్దాయన ఎదుట తలెగరేసి మాట్లాడితే అది. ఇంపర్టినెంట్ కూడా పైకే. తనకు సంబంధం లేని ప్రశ్న వేసి, వేశానన్న జంకు కూడా లేకపోతే అది. డెఫరెన్షియల్ కింది నుంచి పైకి, గౌరవంగా, తన మర్యాద తాను నిలుపుకుంటూ. అదే బాణం నడుం విరిగేదాకా వంగితే సర్వైల్, అబ్సీక్వియస్. కండెసెండింగ్, పేట్రనైజింగ్ పై నుంచి కిందికి, ఏదో దయ చూపిస్తున్నట్టు. గ్రేషస్ కూడా చాలాసార్లు పై నుంచి కిందికే, కానీ అందుకున్నవాడికి హాయిగా ఉంటుంది. కార్డియల్ ఒకే మెట్టు మీద, ఆప్యాయంగా. మ్యాగ్నానిమస్ గెలిచినవాడికీ ఓడినవాడికీ మధ్య, లేదా తప్పు చేసినవాడికీ క్షమించినవాడికీ మధ్య.

ఈ బాణాలు గీస్తుంటే, ఈ పని మనం తెలుగులో ఎప్పుడూ చేసేదే కదా అనిపించింది. మనం దాన్ని క్రియాపదానికి అప్పజెప్పేశాం. రా, రండి, దయచేయండి. వచ్చాడు, వచ్చారు, విచ్చేశారు. ఎవరు ఏ మెట్టు మీదున్నారో వాక్యం చివరికొచ్చేసరికి తెలిసిపోతుంది. ఇంగ్లీషుకీ ఒకప్పుడు నువ్వు, మీరు తేడా ఉండేది. దౌ అంటే నువ్వు, యూ అంటే మీరు. 17వ శతాబ్దం ముగిసేసరికి మామూలు వాడుకలో దౌ రాలిపోయింది, అందరూ యూ అయిపోయారు. క్రియలో చెప్పుకునే వీలు పోయింది కాబట్టి ఆ మెట్ల బరువంతా ఈ గుణవాచకాల మీద పడిందని నా ఊహ. మాస్టారు ఒప్పుకోలేదు. "ఫ్రెంచి వాడికి రెండూ ఉన్నాయిగా, అయినా వాడి దగ్గర ఇంతకన్నా ఎక్కువే ఉన్నాయి ఈ మాటలు" అన్నారు. నా ఊహ నాకు ముద్దు, వదులుకోలేదు.

అర్థాలు గుర్తుండకపోతే మాట పుట్టుక చూడమని కూడా ఆయనే చెప్పారు. మొదట్లో ఇదంతా పండితుల పని అనుకున్నాను గానీ, సూపర్‌సిలియస్ దగ్గర పట్టుబడిపోయాను. లాటిన్‌లో సూపర్‌సిలియం అంటే కనుబొమ. ఎదుటివాణ్ణి చూసి కనుబొమ ఒక్క వెంట్రుకవాసి పైకి లేపేవాడు సూపర్‌సిలియస్. మనం కళ్లు నెత్తికెక్కాయంటాం. వాళ్లకి కనుబొమ దాకా ఎక్కితే చాలు! ఎఫ్రంటరీ అనే మాట కడుపులో నుదురు ఉంది. సిగ్గుతో దించుకోవాల్సిన నుదుటిని దించకుండా నిలబెట్టడం అన్నమాట. అక్కడి నుంచి మన మాటలు ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. ముఖస్తుతి, ముఖప్రీతి, ముఖం చాటేయడం, మూతి విరుపు, ముక్కుసూటి, తలబిరుసు, తలపొగరు, నోటిదురుసు. మనిషి గుణాన్ని చెప్పాలంటే ఏ భాషయినా ముందు ముఖం వైపే చూస్తుంది కాబోలు. సమావేశంలో మా అధికారి ముఖం నాకు నేర్పింది కూడా ఇదే.

మ్యాగ్నానిమస్‌ని అయితే విడదీయగానే నవ్వొచ్చింది. మ్యాగ్నస్ అంటే గొప్ప, అనిమస్ అంటే మనసు, ఆత్మ. అంటే అచ్చంగా మన మహాత్ముడు. దానికి ఎదురుమాట ప్యూసిలానిమస్. పిసరంత ప్రాణం ఉన్నవాడు. అల్పప్రాణి అని రాసుకోబోయి ఆగాను. మనం అల్పప్రాణి అంటే జాలి పడతాం. వాళ్లు ప్యూసిలానిమస్ అంటే ఉమ్మేసినంత పని చేస్తారు, పిరికిపంద అని. విడదీస్తే ఒక్కటే, కలిపితే వేరు. ఇలాంటి చోట్ల అట్టముక్క మీద ఎర్ర సిరాతో చుక్క పెట్టుకునేదాన్ని.

ఒక రోజు మాత్రం ఈ పుట్టుకల మీద నాకు ఒళ్లు మండింది. మర్యాదస్తుణ్ణి చెప్పే మాటలన్నీ కోటల్లోంచీ నగరాల్లోంచీ వచ్చాయి. కోర్టు అంటే రాజసభ, అందులోంచి కర్టియస్. అర్బ్స్ అంటే లాటిన్‌లో నగరం, అందులోంచి అర్బేన్. పౌరుడనే మాటలోంచి సివిల్. తిట్లన్నీ పొలాల్లోంచి వచ్చాయి. బూర్ అంటే రైతు, అందులోంచి బూరిష్, మోటువాడు. విలన్ అంటే మొదట ఏదో పెద్ద మనిషి పొలంలో చాకిరీ చేసుకునే పల్లెవాడు. చర్ల్ అంటే సామాన్యుడు, అందులోంచి చర్లిష్. క్లౌన్ కూడా ఒకప్పుడు పల్లెటూరివాడనే. "పల్లె మనిషి మీద వీళ్లకి ఇంత కక్షేమిటి మాస్టారూ?" అని అడిగాను. ఆయన మొక్క దగ్గర్నుంచి లేవకుండానే "నాగరికుడు అన్న మాటలో ఏముందో చూడమ్మాయ్. గ్రామ్యం అన్న మాటలో ఏముందో అదీ చూడు" అన్నారు. నగరం, గ్రామం. ఇన్నేళ్లూ కళ్లెదుట ఉన్నా చూడలేదు. మనం కూడా ఏం తక్కువ తినలేదు.

పొలైట్, రూడ్ జంట కూడా అలాంటిదే కానీ కులీనుల గొడవ లేదు. పొలైట్ అంటే లాటిన్‌లో మెరుగుపెట్టినది. రూడ్ అంటే చెక్కనిది, ముతకగా వదిలేసినది. ఒకటి సానపట్టిన రాయి, ఒకటి పట్టని రాయి. ఈ జంటకు నాకు అట్టముక్క అవసరమే పడలేదు.

అర్థాలు తలకిందులయ్యే సంగతికి మళ్లీ వస్తాను, ఎందుకంటే నన్ను ముంచింది అదే. ఇంగ్లీషు నేర్చుకుంటూ నేను సగం మరిచిపోయిన తెలుగు పాఠం ఒకటి మళ్లీ చదివాను. అర్థపరిణామం. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నగా తప్ప దాన్ని ఎన్నడూ పట్టించుకోలేదు. కంపు అంటే ఒకప్పుడు మంచి వాసన కూడా, ఇప్పుడు ముక్కు మూసుకోవాల్సిందే. ఛాందసుడంటే వేదం చదివినవాడు, ఇప్పుడు పాతచింతకాయ పచ్చడి మనిషి. ఇవి అర్థాపకర్ష, దిగజారిన మాటలు. సభికులంటే ఒకప్పుడు జూదశాల నడిపేవాళ్లు, ఇప్పుడు సభలో కూర్చున్న పెద్దమనుషులు. ఇది అర్థోత్కర్ష. ఇంగ్లీషులో మర్యాదల మాటలకు ఈ జబ్బు మరీ ఎక్కువ. నైస్ అంటే మొదట తెలివితక్కువవాడు. సిల్లీ అంటే మొదట ధన్యుడు, దేవుడి దీవెన ఉన్నవాడు. అవి రెండూ ఎదురెదురుగా నడిచి ఒకరి ఇంట్లో ఒకరు దూరాయి.

కండెసెన్షన్ కథ ఇంకా బాగుంటుంది. 18వ శతాబ్దంలో అది మంచి గుణం. గొప్పింటివాళ్లు తమ మెట్టు దిగి వచ్చి, లేనివాళ్లతో కలుపుగోలుగా మాట్లాడటం. జేన్ ఆస్టెన్ 1813 నాటి నవలలో ఒక మతగురువు తన పోషకురాలి కండెసెన్షన్‌ను నోరారా పొగుడుతూ తిరుగుతాడు. అతను మనస్ఫూర్తిగానే పొగుడుతున్నాడు, చదివేవాళ్లకు మాత్రం ఆవిడ పొగరూ అతని భజనా రెండూ కనిపిస్తాయి. మెట్లు అందరూ ఒప్పుకున్న కాలంలో దిగిరావడం మర్యాద. మెట్లే ఉండకూడదని అనుకోవడం మొదలయ్యాక, దిగి వస్తున్నట్టు కనిపించడమే అవమానం. మాట మారలేదు, కింద మెట్లు కదిలాయి. ఇప్పుడు ఎవరినైనా కండెసెండింగ్ అన్నామంటే వాళ్లు మళ్లీ మనతో మాట్లాడరు.

ఇక మాటలు ఏ వరసలో నేర్చుకోవాలన్నది నాకు రోజెట్ తేల్చిపెట్టాడు. పీటర్ మార్క్ రోజెట్ వైద్యుడు. 1805 నుంచే తన అవసరానికి మాటల జాబితా రాసుకుంటూ వచ్చి, 1852లో, డెబ్బై దాటాక అచ్చువేశాడు. అకారాది వరస కాదు, భావాల వరస. వెయ్యి శీర్షికల్లో గుణాలకు సంబంధించినవి చాలావరకు ఎదురెదురు జంటలు. గర్వం పక్కన వినయం, పొగరు పక్కన బానిసబుద్ధి, మర్యాద పక్కన అమర్యాద. నిఘంటువు మనిషిని ఒంటరిగా నిలబెడుతుంది, రోజెట్ ఎదురుగా ఇంకొకణ్ణి నిలబెడతాడు. పొగరుకు జంటగా ఆయన పెట్టింది వినయం కాదు, బానిసబుద్ధి. అది చూసి ఒక సాయంత్రమంతా ఆలోచించాను. నిజమే, పైకి మరీ ఎగిరినా తప్పే, కిందికి మరీ వంగినా తప్పే, వినయం ఆ రెంటి మధ్య ఎక్కడో ఉంటుంది.

రెండు అంచులూ తెలిశాక, మధ్యలో మెట్లు ఎన్ని అన్న ప్రశ్న వస్తుంది. దీనికి పనికొచ్చిన ఆట ఒకటి ఉంది. 1948లో బీబీసీ రేడియోలో తత్వవేత్త బెర్ట్రాండ్ రసెల్ సరదాగా చెప్పినది. క్రియను ఉత్తమ, మధ్యమ, ప్రథమ పురుషల్లో నడిపినట్టు గుణాన్ని నడపడం. ఆయన చెప్పిన నమూనా తెలుగులో ఇలా వస్తుంది: నేను పట్టుదల గలదాన్ని, నువ్వు మొండిదానివి, ఆవిడ వట్టి మూర్ఖురాలు. మనిషి అదే, పని అదే, చెప్పేవాడికి దూరమైనకొద్దీ మాట చెడుతుంది. నేను ఆఫీసుకు వెళ్లే దారిలో రోజూ ఈ ఆట ఆడాను. నాది పొదుపు, ఫ్రూగల్. నీది గట్టిచెయ్యి, టైట్‌ఫిస్టెడ్. వాడిది పిసినారితనం, మైజర్లీ. నేను కాండిడ్, నువ్వు బ్లంట్, వాడు టాక్ట్‌లెస్. అంటే నేను ఉన్నమాట దాచను, నువ్వు ముఖం మీదే అనేస్తావు, వాడికి ఎక్కడ ఏం మాట్లాడాలో తెలియదు. నేను రెటిసెంట్, నువ్వు టాసిటర్న్, వాడు సర్లీ. అంటే నేను మితభాషిని, నువ్వు ముభావివి, వాడు మూతి ముడుచుకుని కూర్చునే రకం. ఇంట్లో మా వాళ్ల మీద ప్రయోగిస్తే రెండు రోజులు ఎవరూ నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఆ ఆటలో మధ్యమ పురుష కావడం ఎవరికీ ఇష్టం ఉండదు.

మాట తక్కువ మనుషుల గురించి వచ్చింది కాబట్టి లకానిక్ సంగతి చెప్పకుండా ఉండలేను. గ్రీసులో స్పార్టా ఉన్న ప్రాంతం పేరు లకోనియా. అక్కడి వాళ్లు మాటల్లో పిసినార్లు. మాసిడోనియా రాజు ఫిలిప్, నేను గనక మీ దేశంలో అడుగుపెట్టానా మిమ్మల్ని లేవకుండా చేస్తానని బెదిరిస్తూ కబురు పంపితే, వాళ్లు తిరిగి పంపిన జవాబు ఒకటే మాట: "గనక." ఈ కథ చెప్పిన ప్రాచీన గ్రీకు రచయిత ప్లూటార్క్ దాన్ని వాగుడుకాయల గురించి రాసిన వ్యాసంలో పెట్టాడు. నాకు లకానిక్, గారులస్ రెండు మాటలూ ఒకే రోజు వచ్చేశాయి.

తప్పులు తగ్గలేదు, రకం మారాయి. ఒకాయన నాకు పెన్ను ఇస్తే "మీరు చాలా మ్యాగ్నానిమస్" అన్నాను. ఆయన పెన్ను వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూశాడు. చీమకు ఏనుగు అంబారీ కట్టినట్టయింది. ఇంకోసారి ఒకరి హేళన ధోరణి గురించి రాయబోయి కంటెంప్చువస్‌కు బదులు కంటెంప్టిబుల్ అని రాశాను. మొదటిది ఇతరులను చులకనగా చూసేవాడు, రెండోది చులకనగా చూడదగ్గవాడు. పంపే ముందే పట్టుకున్నాను, దేవుడి దయ. ఇంజీనియస్, ఇంజెన్యువస్, డిసింజెన్యువస్ అనే ముగ్గురు మాత్రం నన్ను ఏడాది ఏడిపించారు. మొదటివాడికి బుర్ర ఉంది. రెండోవాడికి కపటం లేదు, కాస్త అమాయకుడు. మూడోవాడు రెండోవాడి వేషం వేసుకున్న మనిషి, ఏమీ తెలియనట్టు నటిస్తాడు. ముగ్గుర్నీ ఒక చిన్న నాటకంలో పాత్రలుగా రాసుకున్నాక గానీ లొంగలేదు.

అట్టముక్కలు మూడు వందలు దాటాక వాటిని తిప్పుకోవడానికి ఒక పద్ధతి కావాల్సి వచ్చింది. సెబాస్టియన్ లైట్నర్ అనే ఆయన 1972లో ప్రచారంలోకి తెచ్చిన పెట్టెల పద్ధతి పెట్టుకున్నాను. ఐదు అరలు. మొదటి అర రోజూ చూడాలి. సరిగ్గా చెప్పగలిగిన ముక్క తర్వాతి అరలోకి వెళ్తుంది, అక్కడ చూడటం తక్కువ. తప్పితే ఎక్కడున్నా తిరిగి మొదటి అరలోకే. పాములూ నిచ్చెనలాట లాంటిది, నిచ్చెన చిన్నది, పాము పెద్దది. దీని గురించి ఇంతకన్నా చెప్పడానికేం లేదు, పనిచేస్తుంది.

మూడేళ్లు గడిచాయి. ఆ కుర్రాడు, ఇప్పుడు కుర్రాడనకూడదు, మళ్లీ ఫోన్ చేశాడు. ఇంకో ఉద్యోగానికి మళ్లీ లేఖ కావాలట. నాకు ముచ్చెమటలు పోశాయి. అడిగింది రాసివ్వడానికి ముందే చెప్పేయాలని, "బాబూ, అప్పుడు నేనిచ్చిన లేఖలో పెద్ద పొరపాటు జరిగింది" అని మొదలుపెట్టాను.

"తెలుసు మేడమ్" అన్నాడు.

"తెలుసా? ఎప్పుడు తెలిసింది?"

"ఆ రాత్రే మేడమ్. నిఘంటువు చూశాను."

"మరి చెప్పలేదేం?"

అవతల కాసేపు మాట లేదు. "మీరు అంత సంతోషంగా ఇచ్చారు కదండీ. మొహమాటం వేసింది. ఆ లేఖ పంపలేదు లెండి, కాలేజీలో చెప్పిన సార్‌ని అడిగి ఇంకోటి తీసుకున్నాను."

ఈసారి లేఖకు నాలుగు రోజులు తీసుకున్నాను. చేసిన పనులు చెప్పాను, గుణవాచకాలు రెండే పెట్టాను. కన్షియన్షస్, ఎందుకంటే చూసేవాళ్లు లేనప్పుడు కూడా లెక్క సరిచూసుకునేవాడు. డిస్క్రీట్, ఎందుకంటే చెప్పిన మాట కడుపులో దాచుకునేవాడు, నాకన్నా బాగా తెలిసినవాళ్లు ఎవరూ లేరు దానికి. విడివిడిగా అనే అర్థమొచ్చే ఇంకో డిస్క్రీట్ ఉంది, పలకడం ఒకటే, అక్షరాలు వేరు. అందుకని మూడుసార్లు సరిచూశాను. టాక్ట్‌ఫుల్ అని మూడోది పెట్టబోయాను. లాటిన్‌లో స్పర్శ అనే మాటలోంచి వచ్చింది టాక్ట్, ఎక్కడ ముట్టుకుంటే నొప్పి పుడుతుందో తెలిసిన చెయ్యి. కానీ అందులో నేర్పు ఉంది, కొంచెం లెక్క కూడా ఉంది. అతను ఆ రాత్రి చేసింది లెక్క వేసి చేసినది కాదు. తీసేశాను.

అతను చేసినదానికి పేరు అతనే చెప్పాడు. మొహమాటం. అట్టముక్క మీద ఒక వైపు తెలుగులో ఆ మాట రాసి, రెండో వైపు ఇంగ్లీషు కోసం కూర్చున్నాను. షై అంటే సిగ్గరి, అది మనిషి లోపల ఉండేది. డిఫిడెంట్ అంటే తన మీద తనకు నమ్మకం చాలనివాడు, ఇతనికి ఆ లోటు లేదు. టిమిడ్ అంటే భయస్తుడు. రిజర్వ్‌డ్ అంటే తనలో తానుండేవాడు. మొహమాటం ఎవరి లోపలా ఉండదు, ఇద్దరి మధ్య ఉంటుంది, ఎదుటివాళ్లు వెళ్లిపోతే అదీ పోతుంది. కంప్లెయిజంట్ అన్న మాట కాస్త దగ్గరికొచ్చింది, ఎదుటివాళ్ల ఇష్టానికి ఒదిగిపోయేవాడు అని. అందులో ఆ ఇబ్బంది లేదు, కాదనలేక లోపల పడే ఆ గింజులాట లేదు. పైగా చెవికి అది ఉన్నదానితో తృప్తిపడి కూర్చునే కంప్లేసెంట్‌లా వినిపిస్తుంది.

మాస్టారి దగ్గరికి వెళ్లాను. "ముందు బాణం గీశావా?" అన్నారు.

"అదే రావట్లేదు మాస్టారూ. పెద్దవాళ్ల దగ్గరా ఉంటుంది, చిన్నవాళ్ల దగ్గరా ఉంటుంది, సాటివాళ్ల దగ్గర మరీ ఎక్కువ ఉంటుంది."

ఆయన అట్టముక్క తీసుకుని చాలాసేపు చూసి, "ఇది నా దగ్గర ఉండనీ" అన్నారు. నెల తర్వాత తిరిగి ఇచ్చారు. వెనకవైపు పెన్సిలుతో ఏదో రాసి తుడిచేసిన మచ్చలు మూడు నాలుగు ఉన్నాయి. ఆయన దాని గురించి ఏమీ అనలేదు, నేనూ అడగలేదు.

చెప్పలేని ముక్క మొదటి అరలోకే పోవాలి కదా. రోజూ పొద్దున్నే పెట్టె తెరిస్తే అదే ముందు చేతికొస్తోంది.